ఎనిమిదో అక్క

మైకు చేతిలో ఉంటే క్లెమ్ ఫనెల్ అంతటి మాటకారి ఈస్ట్‌బోర్న్ ఊళ్ళో ఇంకొకడు లేడు. మైకు పక్కన పెట్టాడా, ఇక ఆ మనిషి చేత నాలుగు ముక్కలు పలికించడం ఎవరి తరమూ కాదు. పై అంతస్తుకి కప్పు లేని రెండంతస్తుల టూరిస్టు బస్సు మీద కండక్టరు అతను. ఎండాకాలం వచ్చిందంటే సముద్రంలోకి కట్టిన పియర్ వంతెన దగ్గర జనాన్ని ఎక్కించుకుని, బీచీ హెడ్ మీదుగా సుద్దకొండల అంచు వెంటే తిప్పి, బర్లింగ్ గ్యాప్‌లో టీకి ఆపి, ఈస్ట్ డీన్ దారిన సాయంత్రానికి మళ్ళీ తెచ్చి దింపేవాడు. దారి పొడుగునా నవ్వించేవాడు. ఒకసారి ఎక్కినవాళ్ళు మరుసటేడు చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చేవారు. కొండలు చూడటానికి కాదు, క్లెమ్ మాటలు వినడానికి.

చిన్నప్పుడు అతనికి నత్తి. అలాంటిలాంటి నత్తి కాదు. బడిలో పేరు చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయి, చెవులు ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నిలబడేవాడు. వెనక బెంచీల్లో పిల్లలు పెదాలతో అదే చప్పుడు చేసి ఆనందపడేవారు. తల్లి రొట్టె తెమ్మని పంపేది. కొట్లో వీడు "బ్రె... బ్రె..." అంటూ ఉండగానే కొట్టువాడికి ఓపిక చచ్చి "బన్నులేనా?" అనేవాడు. కాదని చెప్పాలంటే మళ్ళీ మొదటికి రావాలి కదా! అందుకని తలూపేసేవాడు. బన్నులతో ఇంటికొచ్చి తల్లి చేత చీవాట్లు తినేవాడు. ఎవరు ఏ మాట అందిస్తే ఆ మాటకే తలూపెయ్యడం వాడికి అప్పుడు పట్టుకున్న అలవాటు.

కండక్టరు పనిలో చేరిందీ అందుకే. టికెట్టు చింపి ఇవ్వడానికి మాటలతో పనేముంది? అలా ఏళ్ళు గడిచి, నెత్తిన జుట్టు పలచబడ్డాక, ఒకనాడు బస్సు మీద కబుర్లు చెప్పే మనిషికి గొంతు పోయింది. వేరే దిక్కు లేక "నువ్వే కానివ్వరా" అని మైకు తెచ్చి క్లెమ్ చేతిలో పెట్టారు. భయంతో నోరు తెరిచాడు. నత్తి లేదు! మైకులోంచి వచ్చే గొంతు తనది కాదు, ఇంకెవరిదో అనిపించింది అతనికి. ఇంకొకరి గొంతుకి నత్తి ఎందుకుంటుంది? ఆ రోజు తన మాటకి ఒక ముసలావిడ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే చూసి, రాత్రి మంచం మీద పడుకుని ఆ నవ్వును మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాడు. ఆ రుచి మరిగాడు. వచ్చిన తంటా అంతా అక్కడే.

బర్లింగ్ గ్యాప్‌లో కొండ అంచున చిన్న వరస ఇళ్ళు ఉండేవి. ప్రతి చలికాలం సముద్రం కింద నుంచి సుద్దను కొరుక్కుంటూ వస్తుంటే, పై నుంచి ముక్కలు ముక్కలుగా నేల విరిగి పడేది. ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చి, సముద్రం వైపు మిగిలింది థర్జా హోడ్ ఇల్లే. ఆవిడ మొగుడు పీతలు పట్టేవాడు, పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఒక ఏడు కోళ్ళగూడు పోయింది, ఇంకో ఏడు బట్టలారేసుకునే చోటు పోయింది. అయినా ఆవిడ కదల్లేదు.

క్లెమ్ మైకు పట్టిన తొలి వేసవిలో ఆ ఇంటి దగ్గర మలుపులో బస్సు ఇంజను వేడెక్కి బుస్సుమని ఆవిరి కక్కింది. డ్రైవరు పెర్సీ డబ్బా ఇచ్చి నీళ్ళు తెమ్మన్నాడు. క్లెమ్ వెళ్ళి తలుపు తట్టాడు. థర్జా తలుపు బెత్తెడు తెరిచింది. డబ్బా చూసింది. "ఇక్కడ నీళ్ళు లేవు" అంది. ఆవిడ వెనకాల, వంటింటి నేల మీద, అంచుల దాకా నిండిన బకెట్లు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. క్లెమ్ వాటిని చూశాడు, అతను చూశాడని ఆవిడా చూసింది. తలుపు మూసేసింది. బస్సు నిండా జనం చూస్తుండగా ఖాళీ డబ్బాతో తిరిగొచ్చాడు. అసలే నామోషీ పడే మనిషి. ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోంచి పుట్టింది అతని పేరుమోసిన జోకు.

కొండ దిగే మలుపులో ఎదురుగా సెవెన్ సిస్టర్స్ అనే సుద్దకొండలు కనిపిస్తాయి కదా, తెల్లగా, వరసగా, ఏడుగురు అక్కచెల్లెళ్ళు. అక్కడ క్లెమ్ బస్సు నెమ్మది చేయించి, "అమ్మలారా, అయ్యలారా, లెక్కపెట్టుకోండి" అనేవాడు. లెక్కపెడితే ఏడు రావు, ఎనిమిది వస్తాయి. మా వైపు వాళ్ళకి అది పుట్టినప్పట్నుంచీ తెలిసిన సంగతే, ఎందుకని ఎవరూ అడగరు. టూరిస్టులు మాత్రం ఎనిమిది, ఎనిమిది అని గోల పెట్టేవారు. క్లెమ్ గొంతు తగ్గించి ఇలా అందుకునేవాడు: "మెల్లిగా అనండి బాబూ, వాళ్ళు వింటారు. ఆ ఎనిమిదో అక్కని ఇంట్లోవాళ్ళు తమ మనిషని చెప్పుకోరు. ఎందుకంటారా? అదిగో, ఆ చివరింట్లో ఉంటుంది. దాహమని వెళ్తే తలుపేసేస్తుంది. ఆవిడ దగ్గర ఏదైనా పుచ్చుకోగలిగింది ఇంతవరకు సముద్రం ఒక్కటే, అది కూడా లాక్కునే. చెయ్యి ఊపండి! ఊపడానికి ఖర్చు లేదు కనక ఆవిడ కూడా ఊపుతుంది."

బస్సంతా పగలబడి నవ్వి, "అక్కా! ఎనిమిదో అక్కా!" అని చేతులు ఊపేది. గేటు దగ్గర థర్జా హోడ్, చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డతో, తిరిగి చెయ్యి ఊపేది. దాంతో నవ్వు రెట్టింపు. గాలి ఎప్పుడూ సముద్రం మీంచి రోడ్డు వైపే వీస్తుంది, మన మాటలు ఆవిడ దాకా ఎక్కడ పోతాయిలే అని క్లెమ్ ధీమా. జనం తన మీద ప్రేమకొద్దీ ఊపుతున్నారని ఆవిడ అనుకుంటోందని అతని లెక్క. ఆవిడ రోజూ బస్సు వేళకి గేటు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఆదివారాల్లో టోపీ కూడా పెట్టుకునేది.

మూడో వేసవిలో పెర్సీ అసలు సంగతి చెప్పాడు. పెర్సీ మరదలు బర్లింగ్ గ్యాప్ హోటల్లో వంటపని చేస్తుంది. ఇద్దరూ డిపోలో కూర్చుని టీ తాగుతుంటే పెర్సీ కప్పు కింద పెట్టి మొదలుపెట్టాడు. ఆ ముసలావిడ ఇంటికి నీళ్ళు వచ్చే గొట్టం, మన బస్సు ఆగిపోయిన వేసవికి ముందు చలికాలంలోనే, నేలతో పాటు విరిగి సముద్రంలో పడిపోయిందట. అప్పట్నుంచీ తెల్లారకముందే హోటల్ వెనక కుళాయి నుంచి బకెట్లతో మోసుకుంటోందట. నీళ్ళు లేవని ఊరి కౌన్సిల్ వాళ్ళకి తెలిస్తే ఇల్లు కాపురానికి పనికిరాదని ఖాళీ చేయిస్తారని, మా మరదలి చేత ఎవరితో అనకని ఒట్టు వేయించుకుందట. "నువ్వు చూసిన బకెట్లు అవేరా. అవి పోస్తే ఆ పూట ఆవిడకి టీ కూడా లేదు" అన్నాడు పెర్సీ. అని, క్లెమ్ మొహంలోకి చూసి, "ఇక మానెయ్యి" అన్నాడు.

మానేద్దామనే అనుకున్నాడు. పాపం, అంత మాత్రం మనసు ఉన్నవాడే. రెండు రోజులు మానేశాడు కూడా. మూడో రోజు సముద్రం మీంచి పొగమంచు కమ్మింది. బీచీ హెడ్ కనపడదు, లైట్‌హౌస్ కనపడదు, కొండల్లేవు, ఏమీ లేదు. బస్సు మేడ మీద జనం కాలర్లు పైకెత్తుకుని, ఎందుకొచ్చాం రా భగవంతుడా అన్నట్టు కూర్చున్నారు. క్లెమ్ ఒక జోకు వేశాడు, ఎవరూ నవ్వలేదు. రెండోది వేశాడు, ఎవరో దగ్గారు. నాలుక మళ్ళీ ఇరుక్కుంటుందేమోనన్న పాత భయం పట్టుకుంది. ఈ ఒక్కసారికే అనుకుని ఎనిమిదో అక్కని బయటికి తీశాడు. మంచులో గేటు కూడా కనపడలేదు, అయినా నవ్వులు విరగబూశాయి. ఆ మర్నాడు ఎండ కాసింది. అప్పుడూ చెప్పాడు.

అంతటితో ఆగినా బాగుండేది. చెప్పగా చెప్పగా జోకు పాతబడిందనిపించి దానికి ఒక కొత్త ముక్క తగిలించాడు: "ఇంటినిండా బకెట్లండీ, రాత్రిపూట లేచి చుక్కలు లెక్కపెట్టుకుంటుంది!" ఆ బకెట్లు ఎలా వచ్చాయో తెలిసి, ఆ ముక్క కలిపాడు. అది విన్న రోజు పెర్సీ డిపోలో తన టీ కప్పు తీసుకుని వేరే బల్ల దగ్గరికి పోయాడు. క్లెమ్‌కి సిగ్గు వెయ్యలేదని కాదు. వేసేది. చెప్పేముందు వేసేది, ఇంటికి పోయి బూట్లు విప్పుకునేటప్పుడు వేసేది. మధ్యలో జనం నవ్వుతున్నంత సేపు మాత్రం వేసేది కాదు. ఆ కాసేపటి కోసమే బతికేవాడు. అలా ఏళ్ళు నడిచాయి.

చివరికి సముద్రం థర్జా హోడ్ వంటింటి గోడ దాకా వచ్చేసింది. సెప్టెంబరులో కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఇల్లు కూలగొట్టాలని తేల్చారు. ఆవిడ సామాను సర్దుకుని హెయిల్‌షమ్‌లో ఉన్న మేనకోడలి ఇంటికి చేరింది. ఆ వార్త విన్నప్పుడు క్లెమ్‌కి మొదట కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. ఇల్లు పోతే జోకు పోతుంది, ఇక తను మానెయ్యక్కర్లేదు, అదే ఆగిపోతుంది. ఎంత పిరికి సుఖం!

ఆ ఏటి ఆఖరి ట్రిప్పు రోజున పియర్ దగ్గర వరసలో, నీలం కోటు, ఆదివారపు టోపీ, చేతులకి తెల్ల గ్లవ్స్‌తో థర్జా హోడ్ నిలబడి ఉంది.

క్లెమ్ ఒక టికెట్టు చింపబోయి రెండు చింపాడు. ఆవిడ దగ్గరికొచ్చి, "నన్ను గుర్తుపట్టావా బాబూ? గేటు దగ్గర మనిషిని" అంది. అతను తలూపాడు. "రేపు పడగొడతారట. ఇన్నేళ్ళూ అందరూ మేడ మీంచి నా ఇల్లు చూశారు, నేనే ఎప్పుడూ చూసుకోలేదు. అందుకని వచ్చాను." కింద సీట్లు మెత్తగా ఉంటాయని, పైన చలిగాలని, మెట్లు నిటారని, చేతులతో సైగలు చేసి చెప్పబోయాడు క్లెమ్. "కొండ అంచున కాపురం చేసినదాన్ని, నాకు చలేమిటి నాయనా" అని ఆవిడ కమ్మీ పట్టుకుని ఎక్కేసింది. సరిగ్గా మైకు పక్కన ముందు సీటులో కూర్చుంది.

ఆవిడ వెనకాల సీట్లన్నీ క్రాయిడన్ కూరగాయల తోటల సంఘం వాళ్ళవి. ఏటా ఆఖరి ట్రిప్పుకి వాళ్ళు రావలసిందే. వాళ్ళ నాయకుడు ఆల్ఫ్ అని భారీ మనిషి, నెత్తిన రుమాలు ముడులు వేసి పెట్టుకుని, "క్లెమ్ బాబూ, మా అక్క కులాసాయేనా?" అని అప్పుడే అరుస్తున్నాడు. క్లెమ్ పరుగున కిందికి దిగి పెర్సీ కిటికీ దగ్గరికి పోయాడు. పై దారిన పోదాం, ముందు ఈస్ట్ డీన్ చూపించి వెనక్కి తిప్పేద్దాం, గ్యాప్‌లో ఆగొద్దు అని తడబడుతూ, ఇరుక్కుంటూ, చెమటలు కక్కుతూ బతిమాలాడు. పెర్సీ అంతా విన్నాడు. "బస్సు దారి మార్చమంటావేంట్రా, నీ నోరు మార్చుకోక?" అన్నాడు. ఇంజను స్టార్ట్ చేశాడు.

కొండ ఎక్కుతున్నంతసేపూ క్లెమ్ అలవాటు కొద్దీ చెప్పుకుపోయాడు. వాలులో మేసి మేసి ఒకవైపు కాళ్ళు పొట్టివైపోయిన గొర్రెల కథ చెప్పాడు. బీచీ హెడ్ దగ్గర కింద సముద్రంలో నిలబడ్డ ఎర్రచారల లైట్‌హౌస్‌ని, ముందున్న కొండ మీద పాత లైట్‌హౌస్‌ని చూపించాడు. పాతది మరీ ఎత్తున కట్టారు, పొగమంచు పడితే కనపడి చావదు. "తప్పు చోట కట్టామని తెలుసుకోవడానికి వాళ్ళకి డెబ్బై ఏళ్ళు పట్టిందండీ. ఈ బస్సులో, తప్పు మనిషిని కట్టుకున్నామని అంతకంటే ముందే తెలుసుకున్న భార్యలు చేతులెత్తండి!" ఆడవాళ్ళందరూ చేతులెత్తారు. థర్జా హోడ్ కూడా చిన్నపిల్లలా నవ్వుతూ చెయ్యెత్తింది. ఆవిడ నవ్వుని అంత దగ్గరగా అతను చూడటం అదే మొదలు. ముందు పళ్ళు కొంచెం ఎడంగా ఉన్నాయి. తన మాటకి ఆవిడ నవ్వుతోంది.

పాత లైట్‌హౌస్ దాటింది. బస్సు మలుపు తిరిగి దిగడం మొదలుపెట్టింది. ఎదురుగా ఎండలో తెల్లటి కొండల వరస, దానికి ఇవతల అంచున ఒంటరిగా ఆ ఇల్లు. కిటికీలకి చెక్కలు కొట్టేశారు. గేటు ఒక్కటే నిలబడి ఉంది.

క్లెమ్ సముద్రం వైపు వీపు తిప్పేసి, "కుడివైపు చూడండి, కుడివైపు, గొర్రెలు!" అన్నాడు.

"గొర్రెలు చెప్పేశావు కదయ్యా ఇందాక! మా అక్కేదీ?" అన్నాడు ఆల్ఫ్. సంఘమంతా కాళ్ళతో చెక్క నేల మీద దరువు వేస్తూ "అక్క కావాలి, అక్క కావాలి" అని అందుకుంది. క్లెమ్ మైకు పట్టుకునే ఉన్నాడు. ఇవాళ అక్క లేదండీ, వెళ్ళిపోయింది అన్నాడు. మైకులో కూడా గొంతు వణికింది. అదీ జోకే అనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. ఆల్ఫ్ లేచి నిలబడ్డాడు. "ఇతగాడు ఇవాళ బెట్టు చేస్తున్నాడు, నేను చెప్తా వినండి" అని మొదలుపెట్టాడు.

మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. క్లెమ్ ఎక్కడ గొంతు తగ్గిస్తాడో అక్కడ తగ్గించాడు, ఎక్కడ ఆగుతాడో అక్కడ ఆగాడు. ఇంట్లోవాళ్ళు చెప్పుకోని అక్క, తలుపు, సముద్రం లాక్కోవడం, అన్నీ వచ్చాయి. చివర బకెట్లు వచ్చాయి, రాత్రిపూట చుక్కల లెక్కా వచ్చింది. అన్నేళ్ళూ క్లెమ్ ఆ మాటల్ని నోటితో చెప్పాడే గానీ చెవితో వినలేదు. ఇప్పుడు విన్నాడు. బడిలో వెనక బెంచీల మీద నుంచి వచ్చిన చప్పుడు లాగే ఉంది. అప్పుడు తను ముందు నిలబడ్డాడు, ఇప్పుడు ఆ బెంచీ మీద కూర్చున్నవాడు తనే. నేల విరిగి తనని కూడా తీసుకుపోతే బాగుండుననిపించింది.

"చెయ్యి ఊపండి! ఖర్చు లేదు!" అని ఆల్ఫ్ ముగించాడు. బస్సంతా ఖాళీ గేటు వైపు చేతులు ఊపింది. ముందు సీటులో థర్జా హోడ్ కూడా తెల్ల గ్లవ్ తొడిగిన చెయ్యి పైకెత్తి, తన గేటుకి తనే ఊపింది. ఇల్లు వెనక్కి పోయేదాకా దించలేదు.

బస్సు హోటల్ ముందు ఆగింది. జనం టీలకీ, జాము పూసిన స్కోన్‌లకీ పరుగెత్తారు. కొందరు సుద్దరాళ్ళు ఏరుకోవడానికి మెట్లు దిగి ఒడ్డుకి పోయారు. క్లెమ్ బస్సు వెనకాల దాక్కున్నాడు. అవును, దాక్కున్నాడు, అంత మనిషీ. చక్రం పక్కన నిలబడి, ఆవిడ హోటల్లోకి పోతే బాగుండు, అలసిపోయి నిద్రపోతే బాగుండు అని కోరుకున్నాడు. ఇంతలో కంకర మీద చిన్న అడుగుల చప్పుడైంది. థర్జా హోడ్ వచ్చింది. చేతిలో గాజుగ్లాసు నిండా నీళ్ళు.

"ఇవిగో బాబూ. ఆ రోజు నువ్వడిగినవి. చాలా ఆలస్యమైంది."

క్లెమ్ గ్లాసు అందుకోలేదు. ఆవిడ గ్లాసుని బస్సు మెట్టు మీద పెట్టి, తనూ ఆ పక్కనే కూర్చుంది. "అలా బిక్కచచ్చిపోకు. ఇవాళ కొత్తగా విన్నాననుకుంటున్నావా? ఈశాన్యం గాలి తిరిగిన రోజున నీ మైకు నా వంటింట్లోనే మోగేది. మొదటి ఏడే విన్నాను. మంచి ఎండ కాసేది ఆ గాలి ఉన్న రోజుల్లోనే, జనం కిక్కిరిసి వచ్చేదీ ఆ రోజుల్లోనే."

"మ... మరి... చెయ్యెందుకు..."

"ఊపకపోతే నువ్వు చెప్పిందంతా నిజమనుకోరూ? వాళ్ళ ముందు ఇంకేం చెయ్యగలను? బస్సు వెంట పరుగెత్తి, నేను అలాంటిదాన్ని కాదని చెప్పనా?" ఆవిడ గ్లవ్స్ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. అరచేతుల్లో, వేళ్ళ మొదళ్ళ దగ్గర, బకెట్ల తీగ కోసిన పాత గీతలు కాయలు కట్టి ఉన్నాయి. క్లెమ్ చూపు తిప్పుకున్నాడు.

అప్పుడు ఆవిడ తన సంగతి తనే చెప్పుకుంది. గొట్టం ఎలా పోయిందో, తెల్లారకముందే కుళాయి దగ్గరికి ఎలా వెళ్ళేదో, ఎవరైనా ఎదురైతే బకెట్లు ఎలా గడ్డిలో దాచేదో అంతా చెప్పింది. క్లెమ్‌కి తెలియనిది అందులో ఏమీ లేదు. అయినా ఇప్పుడే వింటున్నవాడిలా నిలబడి విన్నాడు. "ఆ రోజు నువ్వు డబ్బాతో వస్తే, నాకు గొట్టం పోయిందయ్యా అని ఒక్క మాట చెబితే పోయేది. కౌన్సిల్ వాళ్ళకి తెలుస్తుందని భయం. భయం కంటే నామోషీ ఎక్కువ. ఎదురుగా బకెట్లు పెట్టుకుని నీళ్ళు లేవన్నాను. నువ్వు చూసింది చూసినట్టు చెప్పావు, అంతేగా? నేను దాచబట్టే నీ చేత ఆ మాటలు అనిపించుకున్నాను. ఇన్నేళ్ళూ నా మనసులో ఉన్నది అదే. తెలిసుంటే నువ్వలా అనేవాడివి కాదు."

ఇదిగో, క్లెమ్ ఇక్కడ చెప్పాలి. చెబితే ఈ ముసలావిడ తనని క్షమించదు, ఆ మాత్రం శిక్ష తనకి న్యాయమే. చెప్పకపోతే, తనకి చెందని మన్నింపు ఒకటి జేబులో వేసుకుని పోయినట్టే. రెండూ క్లెమ్‌కి స్పష్టంగా తెలుసు. నోరు తెరిచాడు. మైకు లేదు.

"న... నాకు... నాకు తె... తె..."

చెవులు ఎర్రబడ్డాయి. ఆ అక్షరం అవతల ఉన్నది ఇంకొక్క చిన్న మాటే, తెలుసు అన్న మాట. "తె... తె..." థర్జా హోడ్ ఓపిగ్గా చూసింది. కొట్టువాడిలా విసుక్కోలేదు. ఆవిడ కళ్ళలో జాలి నిండింది. అతని మోచెయ్యి మీద చెయ్యి వేసింది.

"తెలియదు. అంతేగా నాయనా? నేనూ అదే అంటున్నా, నీకు తెలియదు."

క్లెమ్ తలూపాడు.

కాదని చెప్పాలంటే మళ్ళీ మొదటికి రావాలి. అలాగని రాలేనివాడేం కాదు. ఆవిడకి తొందర లేదు, ఇంకా చాలాసేపు కూర్చునేదే. నాలుక ఇరుక్కున్న మాట నిజం. దాన్ని అలాగే ఇరుక్కోనిచ్చిన మాట కూడా నిజం.

ఆవిడ లేచి గ్లాసు తీసి అతని చేతిలో పెట్టింది. తాగేదాకా ఎదురుగా నిలబడింది. చల్లటి నీళ్ళు, ఆ హోటల్ వెనక కుళాయివే. క్లెమ్ ఒక్కొక్క గుక్కే మింగాడు. అడుగుదాకా తాగాడు. ఖాళీ గ్లాసు తిరిగి తీసుకుని, "హమ్మయ్య" అంది ఆవిడ. మనసులో బరువు దిగినట్టుగా హోటల్ వైపు నడిచి వెళ్ళిపోయింది.

పెర్సీ డ్రైవరు సీటు అద్దంలోంచి అంతా చూశాడు. క్లెమ్ ఎక్కగానే, "చెప్పావా?" అని అడిగాడు. క్లెమ్ టికెట్ల కట్ట సర్దుకుంటూ మెట్లెక్కి పైకి పోయాడు. పెర్సీ మళ్ళీ అడగలేదు, ఆ దారంతా హారను మోగించాల్సిన చోట కూడా మోగించకుండా నడిపాడు. మేడ మీద జనం నవ్వించమని కాసేపు గోల చేశారు. మైకు పాడైందని క్లెమ్ చేత్తో సైగ చేసి చూపించాడు. థర్జా హోడ్ ముందు సీటులో కూర్చుని, ఈస్ట్ డీన్ దారిలో, మేడ మీంచి ఎప్పుడూ చూడని చెరువునీ చర్చినీ తీరిగ్గా చూసుకుంటూ వచ్చింది.

మరుసటేడు క్లెమ్ మైకు పట్టుకోలేదు. గొంతు బాగోలేదని డిపోలో చెప్పి మామూలు బస్సు మీదికి మారిపోయాడు. ఏ దారైనా సరేనన్నాడు, వాళ్ళు హెయిల్‌షమ్ దారి ఇచ్చారు. కాదనాలంటే ఎందుకో చెప్పాలి కదా, తలూపేశాడు. ఆ బస్సు మేనకోడలి ఇంటి ముందు నుంచే పోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కిటికీలో థర్జా హోడ్ కూర్చుని ఉంటుంది. బస్సులో అతన్ని చూడగానే ఆవిడ మొహం విప్పారుతుంది, చెయ్యి ఊపుతుంది. క్లెమ్ కూడా ఊపుతాడు. ఊపకపోతే, ఏమైంది బాబూ అని ఆవిడ అడుగుతుందేమోనని భయం.